రావుగారు ఎంచిన లెక్కల పుస్తకం

సోమవారం పొద్దున ఆరు గంటలకు చెన్నకేశవరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నర బస్సుకు బళ్ళారి వెళ్ళాలి. ఒక లెక్కల పుస్తకం కొనాలి. మధ్యాహ్నం భోజనం వేళకు ఇంటికి చేరాలి. ఈ సంగతి ఇంకో మనిషికి తెలియకూడదు. వీటిలో మొదటి మూడూ సక్రమంగానే జరిగాయి.

భార్య ఝాన్సీలక్ష్మికి మాత్రం మందు కొట్టే స్ప్రేయరుకు నాజిల్ కావాలని చెప్పాడు. సిరుగుప్పలో దొరకదా అని ఆవిడ అడిగింది. అక్కడివి నాలుగు రోజులకే కారతాయన్నాడు. ఆవిడ ఇంకేమీ అడగలేదు గానీ, ఆయన చదువుకునే కళ్ళజోడు జేబులో పెట్టుకోవడం చూసి, "నాజిల్‌కి చత్వారం వచ్చినట్టుండాదే" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అసలు సంగతి కూతురు బిందుశ్రీది. ఆ పిల్ల సిరుగుప్పలో ఫస్ట్ పీయూసీ సైన్సు, అంటే ఇంటర్ మొదటి ఏడు, చదువుతోంది. మధ్యలో పెట్టిన పరీక్షలో లెక్కల్లో యాభైకి పదకొండు వచ్చాయి. డిసెంబరు మొదటి శుక్రవారం మళ్ళీ పరీక్ష పెడతామనీ, అందులోనూ పాసు కాకపోతే సైన్సు వదిలి ఆర్ట్సులో చేరాల్సిందేననీ కాలేజీవాళ్ళు చెప్పారు. బిందుశ్రీ పన్నెండేళ్ళప్పుడే, అద్దెకు తెచ్చిన నాట్ల యంత్రం వెనకాల బురదలో నడుస్తూ, అది ఎన్ని చోట్ల మొక్క పెట్టకుండా దాటేసిందో లెక్కపెట్టిన పిల్ల. రాయచూరులో వ్యవసాయ ఇంజనీరింగు చదివి, మొక్క తప్పని యంత్రం చేస్తానని అప్పటి నుంచీ చెబుతోంది. ఆర్ట్సుకు మారితే ఆ మాట అక్కడితో సరి.

బస్టాపు నుంచి బండి మీద ఇంటికి వస్తూ, తండ్రి వీపు వెనక కూర్చుని చెప్పింది ఆ పిల్ల ఈ కబురు. చెప్పి, "నాకు బుర్ర లేదేమో నాన్నా" అంది. అగ్గితెగులుకూ సుడిదోమకూ బెదరని చెన్నకేశవరావుకు ఆ ఒక్క మాటతో చేతులు చల్లబడ్డాయి. ఎవరికీ చెప్పొద్దు, అమ్మకు కూడా చెప్పొద్దు అని పిల్ల మాట తీసుకుంది. ఆయన ఇచ్చాడు. ట్యూషను పెట్టిద్దామంటే ఆ మాట నిలబడదు. అందుకని ముందు తనే ఆ లెక్కలు నేర్చుకుని, ఆ తరవాత పిల్ల పక్కన కూర్చుని చెబుదామని నిశ్చయించుకున్నాడు. ఆయన కూడా ఒకప్పుడు పీయూసీలో చేరినవాడే. తండ్రికి జబ్బు చేసి ఏడు నెలలకే మానేశాడు.

ఇంత గుట్టు ఎందుకంటే, చెన్నకేశవరావు కొన్నది ఏదైనా సరే, గుట్టుగా ఉండే వీలు లేదు. హచ్చొళ్ళి ఊరు దాటాక కాలువ చివరన ఉన్న వాళ్ళ క్యాంపులో నలభై ఇళ్ళున్నాయి. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వరి పండించుకోవడానికి వచ్చి దిగినవాళ్ళు. మూడేళ్ళ కిందట తెగులు తగిలి క్యాంపు చేలన్నీ మాడిపోతే, రావుగారి చేను ఒక్కటే పచ్చగా నిలబడింది. ఆ ఏడు ఆయన ఎవరూ వేయని రకం వేశాడు. కావాలని వేసింది కాదు. అడిగిన రకం అయిపోయిందని దుకాణంవాడు అంటగట్టాడు. అది క్యాంపుకు తెలియదు. ఆనాటి నుంచి విత్తనాల కాలం వస్తే అందరి కళ్ళూ రావుగారి వాకిట్లో దిగే బస్తాల మీదే.

అడగడం మాత్రం ఎవరూ అడగరు. తోటి రైతును విత్తనం సంగతి అడిగితే మనకు తెలివి లేదని మనమే ఒప్పుకున్నట్టు. కాబట్టి దూరం నుంచి చూస్తారు. చూసి, మర్నాడు అదే దుకాణానికి వెళ్ళి, రావుగారు పట్టుకెళ్ళింది ఇవ్వమంటారు. రావుగారు కూడా తనంతట తాను చెప్పడు. ఇదేం గోలరా అని పైకి విసుక్కుంటాడు గానీ, ఆ గౌరవం ఆయన ఒంటికి బాగానే పట్టింది.

బళ్ళారిలో బెంగళూరు రోడ్డు పక్క సందులో నింగప్ప పుస్తకాల అంగడి. నింగప్ప ఏడు పుస్తకాలు బల్ల మీద పరిచి, కూతురికా అని అడిగాడు. నాకే అన్నాడు చెన్నకేశవరావు. "యావ పరీక్షె సార్?" అని నింగప్ప ఆశ్చర్యపోయాడు. ఏ పరీక్షా లేదు, ఊరికే అన్నాడు ఈయన. యాభై దాటిన మనిషి ఊరికే లెక్కలు చేసుకుంటానంటే నింగప్ప స్టూలు ముందుకు జరిపాడు.

చెన్నకేశవరావు మొదట అట్ట మీద ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలున్న రెండు పుస్తకాలను పక్కకు తోశాడు. విత్తనాల సంచి మీద సినిమా హీరో బొమ్మ ఉంటే ఆయన ఆ సంచి ముట్టుకోడు. మిగిలిన అయిదింటికీ తనకు తెలిసిన పరీక్షే పెట్టాడు. పాతికేళ్ళుగా ఆయన విత్తనాన్ని తడి గోనెపట్టాలో చుట్టి, మూడోనాడు విప్పి, వందకు ఎన్ని మొలిచాయో లెక్కపెట్టి గానీ కొనలేదు, అంటగట్టిన ఆ ఒక్క ఏడు తప్ప. పుస్తకాన్ని గోనెలో చుట్టడం కుదరదు కాబట్టి, ఒక్కోదాన్ని పదిచోట్ల తెరిచి నాలుగేసి వాక్యాలు చదివాడు. అర్థమైతే మొలక. కాకపోతే తాలు.

మొదటిదానికి రెండు మొలిచాయి. తరవాతిదానికి మూడు. బంగారు అక్షరాల లావుపాటి పుస్తకానికి ఒక్కటీ మొలవలేదు. చిట్టచివర ఉన్న పసుపు అట్ట పుస్తకానికి మాత్రం పదికి ఎనిమిది వచ్చాయి. అది ఇంగ్లీషే అయినా ఎదురుగా కూర్చుని నిదానంగా చెబుతున్నట్టు ఉంది. పేరు ప్రీకాల్కులస్. అంటే ఏమిటని అడిగితే, కాల్కులస్ కంటే ముందు నేర్చుకునేదని నింగప్ప చెప్పాడు.

"నాటుకు ముందు దమ్ము చేసినట్టా?" అని చెన్నకేశవరావు సంతోషంగా అడిగాడు.

"హౌదు సార్" అన్నాడు నింగప్ప, దమ్మంటే ఏమిటో తెలియకుండానే.

పదిచోట్ల తెరిచాడు గానీ, చివరి ఇరవై పుటలు ఆయన తెరవలేదు. అవి జవాబులు. నేర్చుకోకముందే జవాబులు చూడటం మర్యాద కాదనుకున్నాడు. నాజిల్ కొనడం కూడా మరిచిపోయాడు.

బస్సు దిగేసరికి మారెన్న ఎదురొచ్చాడు. మారెన్నది హచ్చొళ్ళే, రావుగారి ట్రాక్టరు తోలుతాడు, పొలం పనులన్నీ చూస్తాడు. కాగితంలో చుట్టి పురికొసతో కట్టిన పొట్లం మీద అతని చూపు పడింది.

"ఏంది రావప్పా అది, కొత్త రకమా?"

"ఏం లేదు మారెన్నా."

విత్తనాల కాలంలో ప్రతి ఏడూ రావుగారు అనే మాట అదే. మారెన్న తల ఊపి ఊరుకున్నాడు. పొద్దుగూకే లోపల ఆ మాట చక్రధర్ చెవిన పడింది. చక్రధర్ రావుగారికి రెండిళ్ళ అవతల ఉండే రైతు, వరసకు తమ్ముడు. మూడేళ్ళ కిందట ఎనిమిదెకరాలు మాడిపోయిన మనిషి. అప్పటి నుంచి అన్నయ్య చేతిలో పొట్లం కనిపిస్తే అతనికి అన్నం సహించదు.

చెన్నకేశవరావు తెల్లవారుజామున అయిదింటికే లేచి మోటారు షెడ్డుకు వెళ్ళి చదవడం మొదలుపెట్టాడు. వారం రోజులు ఆయనకు పండుగలా గడిచింది. ఫంక్షన్ అంటే మరేమీ కాదు, వడ్లు పోస్తే బియ్యం వచ్చే మిల్లులాంటిదే అని అర్థమైన పూట, ఎవరికీ చెప్పుకోలేక మోటారుకే చెప్పాడు. త్రికోణమితి దగ్గరికి వచ్చేసరికి ఆగలేకపోయాడు. కూతురి పెట్టెలో కోణమానిని తీసుకుని, దానికి దారంతో ఒక నట్టు వేలాడదీసి, క్యాంపు నీళ్ళ ట్యాంకు ముందుకు వెళ్ళాడు. అంచు మీదుగా ట్యాంకు కొస చూస్తూ, దారం నలభై అయిదు డిగ్రీల మీద ఆగేదాకా వెనక్కి వెనక్కి నడిచాడు. అక్కడి నుంచి ట్యాంకుదాకా అడుగులు కొలిచి, తన కంటి ఎత్తు కలిపితే యాభై అడుగులొచ్చింది. పంచాయతీవాళ్ళు స్తంభం మీద రాసింది పదిహేను మీటర్లు. అడుగు తేడా కూడా లేదు. యాభై రెండేళ్ళ మనిషి ట్యాంకు కింద నిలబడి ఒక్కడే నవ్వుకున్నాడు.

ఎదురుగా పాల డెయిరీ దగ్గర క్యాన్లతో నిలబడ్డ అయిదుగురు ఇదంతా చూశారు. ఏమిటని ఒక్కరూ అడగలేదు. ట్యాంకు పడిపోతుందేమోనని మధ్యాహ్నానికి దాని చుట్టుపక్కల ఒక్క స్కూటరు లేదు. చక్రధర్ భార్య హేమ గేదెను విప్పుకుని అవతలి వీధిలో కట్టేసింది. మర్నాడు పొద్దున ముగ్గురు రైతులు మూడు కోణమానినులతో వచ్చి, ట్యాంకు వంక గంభీరంగా చూసి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నమే చక్రధర్, పొట్లం కాగితం మీద మారెన్న చూసిన అంగడి పేరు పట్టుకుని బళ్ళారి వెళ్ళాడు. మా క్యాంపు రావుగారు పట్టుకెళ్ళింది ఇవ్వమని నింగప్పను అడిగి, పసుపు పుస్తకాలు రెండు తెచ్చుకున్నాడు. అతని కొడుకు అయిదో తరగతి. ఆ రెండోది వాడికోసం ముందుచూపుతో కొన్నదట. చక్రధర్ చేతిలో పసుపు అట్ట చూసి ఇంకో నలుగురు వెళ్ళారు. వాళ్ళను చూసి మిగతావాళ్ళు. నింగప్ప హుబ్బళ్ళికి ఫోను చేసి ఒక పెట్టె తెప్పించాడు. రెండు వారాలు తిరిగేసరికి క్యాంపులో నలభై మూడు పసుపు పుస్తకాలున్నాయి. ఫస్ట్ పీయూసీ చదివే పిల్లలు మాత్రం తొమ్మిది మందే.

ఎందుకు కొన్నాడో తెలియదు కాబట్టి ఎవరికి తోచింది వాళ్ళు అనుకున్నారు. కాలువ చివరి భూములకు ఇకమీదట లెక్క కట్టి నీళ్ళు వదులుతారట, లెక్క తెలిసినవాడికే వంతు అని ఒకరు. కాదు, భూముల సర్వే కొత్తగా చేస్తారు, కోణాలు పట్టడం రానివాడికి గట్టు పోతుందని ఇంకొకరు. చక్రధర్ ఆపుకోలేక ఒకనాడు రావుగారి గేటుదాకా వచ్చి, అడగకుండానే అడిగాడు.

"అన్నయ్యా, ఈ ఏడు ఏమన్నా విశేషం ఉండాదా?"

చెన్నకేశవరావుకు నోటిదాకా వచ్చింది. కూతురికిచ్చిన మాట అడ్డం పడింది. "ఏం లేదురా" అన్నాడు. చక్రధర్ ముఖం తెల్లబోయింది. ఇంత దాస్తున్నాడంటే ఏదో పెద్దదే అనుకుని, ఆ పూటే ఇంటికెళ్ళి మొదటి పాఠం తెరిచాడు. పదో తరగతి రెండుసార్లు తప్పినవాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. పాఠం అర్థమైంది కదా, ఇక అభ్యాసం చేద్దామని చెన్నకేశవరావు కొత్త నోటుబుక్కు తీశాడు. మొదటి లెక్కలోనే ఒక ఫంక్షన్. ఎక్స్ స్క్వేరులోంచి నాలుగు ఎక్సులు తీసేసి, ఏడు కలపాలి. ఎక్స్ మూడైతే ఎంత? తొమ్మిదిలోంచి పన్నెండు పోతే మైనస్ మూడు, ఏడు కలిపితే నాలుగు. ఉత్సాహంగా చివరి పుటలు తిప్పి చూశాడు. పంతొమ్మిది అని ఉంది. మళ్ళీ చేశాడు. నాలుగే. మూడోసారి వేళ్ళ మీద చేశాడు. అప్పుడూ నాలుగే. రెండో లెక్క తప్పు. మూడోది తప్పు. ఆ పుటలో పన్నెండు లెక్కలకు పన్నెండూ తప్పు.

పది రోజులు అలాగే నడిచింది. పాఠం చదివితే తేటగా అర్థమవుతుంది, లెక్క చేస్తే జవాబు కలవదు. దారి మార్చి చేశాడు, వెనక నుంచి ముందుకు చేశాడు, గ్రాఫు గీసి చూశాడు. ఒక్కో లెక్కకు నాలుగేసి పుటలు నింపాడు. చివరికి ఆయనకు ఒకటే తోచింది. బుర్ర లేనిది తనకే, ఆ లేనితనమే పిల్లకు వచ్చింది. పిల్ల పక్కన కూర్చుని ఏ ముఖంతో చెబుతాడు? పరీక్షకు ఇంకా పదిహేను రోజులున్నాయనగా ఆయనకు తిండి తగ్గింది. పొలంలో చీడ పట్టిందేమోనని మారెన్న రెండుసార్లు చేను తిరిగి చూసి వచ్చాడు.

క్యాంపు కూడా చప్పబడిపోయింది. డెయిరీ దగ్గర కబుర్లు లేవు. చక్రధర్ గడ్డం గీసుకోవడం మానేశాడు. ప్రతి ఇంట్లోనూ పసుపు పుస్తకం ముందు కూర్చున్న మనిషికి జవాబు కలవడం లేదు. రావుగారు ఎంచిన పుస్తకం తప్పయ్యే సమస్యే లేదు కాబట్టి, తప్పు తమలోనే ఉందని ఎవరికి వాళ్ళు కుమిలిపోయారు. పక్కింటివాడిని అడిగితే తేలిపోయేది. ఎవరూ అడగలేదు.

పరీక్ష శుక్రవారం అనగా ఆ ముందు ఆదివారం తెల్లవారుజామున చెన్నకేశవరావు ఓటమి ఒప్పుకున్నాడు. కోణమానిని కూతురి పెట్టెలో తిరిగి పెట్టేద్దామని వెళితే, పెట్టె పక్కన పసుపు పుస్తకం, దాని మీద నోటుబుక్కు తెరిచి ఉన్నాయి. పుస్తకం మీది పేరు చూశాక గానీ, చక్రధర్ కొన్న రెండో పుస్తకం హేమ బిందుశ్రీకి ఇచ్చిందని ఆయనకు తెలియలేదు. మొదటి లెక్క కింద నాలుగు అని రాసి కొట్టేసి ఉంది. దాని కింద మళ్ళీ నాలుగు, మళ్ళీ కొట్టివేత. అలా నాలుగుసార్లు. అంచున చిన్న అక్షరాలతో, నాకు రాదు అని ఉంది.

 వెళ్ళి తన నోటుబుక్కు తెచ్చి పక్కన పెట్టాడు. నాలుగు, నాలుగు. రెండో లెక్క చూశాడు, ఒకటే. పన్నెండింటికి పన్నెండూ ఒకటే. బ్రష్షుతో వచ్చిన బిందుశ్రీ తండ్రి చేతిలో రెండు నోటుబుక్కులు చూసి నిలబడిపోయింది.

"నీకెందుకు నాన్నా ఈ లెక్కలు?"

"నేను నేర్చుకుని నీకు చెబుదామని. నాకూ రాలేదమ్మా." ఆ మాట అనేసరికి ఆయనకు సిగ్గు కంటే ఏడుపే ఎక్కువ వచ్చింది. బిందుశ్రీ తండ్రి దస్తూరీ కాసేపు చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, చూపు మాత్రం లెక్క మీదే ఉంది.

"నాన్నా, తప్పయితే నీదొక తప్పు, నాదొక తప్పు రావల్ల. ఇద్దరికీ ఒకటే తప్పు ఎట్లొస్తాది?"

ఇద్దరూ చక్రధర్ ఇంటికి నడిచారు. అసలు తాను ఏ పుస్తకమూ తెరవలేదన్నాడు చక్రధర్. హేమ వెళ్ళి గేదె దాణా డ్రమ్ము వెనక నుంచి నోటుబుక్కు తెచ్చి రావుగారి చేతిలో పెట్టింది. మొదటి పుటలోనే నాలుగు, పెద్ద కొట్టివేతతో. పదో తరగతి రెండుసార్లు తప్పిన చక్రధర్‌కు కూడా నాలుగే వచ్చిందంటే ఇక అనుమానం లేదు. ఏదో జరిగింది.

బిందుశ్రీ వాళ్ళ కాలేజీ లెక్కల లెక్చరర్ మౌనేశ్ ఇల్లు బళ్ళారి అంచున కప్పగల్లులో. తొమ్మిదింటికి తండ్రీకూతుళ్ళు ఆయన వాకిట్లో ఉన్నారు. మౌనేశ్ మొదటి లెక్క చూసి నోటితోనే చేసి, "నాల్కు" అన్నాడు కన్నడంలో. చివరి పుటలు తిప్పి కనుబొమలు ముడిచాడు. మళ్ళీ మొదటికి వచ్చి విషయసూచిక చూశాడు.

"రావుగారూ, పుస్తకంలో పది పాఠాలుండాయి. వెనక జవాబులు పద్నాలుగు పాఠాలకు ఉండాయి. ఇవి బేరె పుస్తకద్దు, వేరే పుస్తకానివి. కుట్టేటప్పుడు ప్రెస్సులో కలిపేసినారు. మీరు చూడలేదా?"

చెన్నకేశవరావు చూడలేదు. వందకు వంద గింజలు పరీక్షించే మనిషి, చివరి ఇరవై పుటలు మర్యాద కొద్దీ వదిలేశాడు. నలభై మూడు పుస్తకాలూ ఒకే అచ్చువి, ఒకే ప్రెస్సువి. మౌనేశ్ అప్పటికే బిందుశ్రీ నోటుబుక్కు తిరగేస్తున్నాడు. ఒక్కో లెక్క నాలుగేసి దారుల్లో, పుట తరవాత పుట.  శుక్రవారం టైముకు రమ్మని మాత్రం చెప్పి నోటుబుక్కు తిరిగిచ్చాడు.

బస్సులో చెన్నకేశవరావుకు సంతోషమూ భయమూ కలిసి వచ్చాయి. పిల్ల చేసినవి తప్పులు కావు, అది సంతోషం. కానీ క్యాంపు మొత్తం తనను నమ్మి ముప్పావు నెల కుమిలింది. తప్పు విత్తనం తెచ్చి ఊరంతటా చల్లించినట్టే. చెప్పకపోతే మిగతా ఎనిమిదిమంది పిల్లలూ తమకు లెక్కలు రావనుకునే పరీక్షలకు వెళతారు. చెబితే, నువ్వెందుకు కొన్నావని అడుగుతారు. అప్పుడు బిందుశ్రీ మార్కులు చెప్పాలి.

మర్నాడు పొద్దున పాలు పోసే వేళ డెయిరీ ముందు నిలబడి చెప్పేశాడు. పుస్తకం మంచిదే, జవాబులు వేరే పుస్తకానివి, తను చివరి పుటలు చూడకుండా కొన్నాడు. అందరూ క్యాన్లు కింద పెట్టారు. మూడేళ్ళలో ఆ క్యాంపులో మొట్టమొదటిసారిగా ఒక మనిషి ఇంకో మనిషిని నేరుగా ఒక ప్రశ్న అడిగాడు.

"అసలు నువ్వెందుకు కొన్నావన్నయ్యా?" అన్నాడు చక్రధర్.

చెన్నకేశవరావు నేల వంక చూస్తూ నిలబడ్డాడు. కాలేజీ బ్యాగుతో బస్సుకు వెళుతున్న బిందుశ్రీ ఆగి తండ్రి పక్కకు వచ్చింది.

"నాకు లెక్కల్లో పదకొండు వచ్చినాయి బాబాయ్. నాకు చెప్పాలని నాన్న కొన్నాడు. ఎవరికీ చెప్పొద్దని నేనే మాట తీసుకున్నా."

 తరవాత వెనక నుంచి ఒక పిల్లాడు తనకు తొమ్మిది వచ్చాయన్నాడు. ఇంకొక పిల్ల, పద్నాలుగు. తేలిందేమిటంటే, క్యాంపులో ఫస్ట్ పీయూసీ చదివే తొమ్మిదిమందీ ఆ పరీక్ష తప్పారు, తొమ్మిదిమందీ ఇంట్లో దాచారు. వాళ్ళ తండ్రులు కోప్పడాలో వద్దో తేల్చుకోలేకపోయారు, ఎందుకంటే వాళ్ళ నోటుబుక్కుల్లో కూడా అన్నీ కొట్టివేతలే. చక్రధర్ మాత్రం పాలక్యాను మీద మెల్లగా కూలబడ్డాడు.

"అంటే అన్నయ్యా, నేను చేసినవి కరెక్టా? నాకు లెక్కలొస్తాయా?"

"నీ మొదటి పుట నేను చూశానురా. అన్నీ కరెక్టే" అన్నాడు చెన్నకేశవరావు. చక్రధర్ తువ్వాలుతో ముఖం గట్టిగా తుడుచుకున్నాడు. తిట్లు తింటాననుకుని వచ్చిన చెన్నకేశవరావు చుట్టూ చూస్తే, ఒక్క ముఖంలోనూ కోపం లేదు. ఇన్ని రోజులుగా తామే మొద్దులమనుకున్న జనం కడుపులోంచి బరువు దింపుకుంటున్నారు. ఆ ఊపులో ఆయన ఇంకో నిజం కూడా చెప్పేశాడు. మూడేళ్ళ కిందటి ఆ విత్తనం తాను ఎంచింది కాదనీ, దుకాణంవాడు అంటగట్టాడనీ, ఇకమీదట తన బస్తాలు చూసి ఎవరూ కొనవద్దనీ అన్నాడు. అందరూ మర్యాదగా విన్నారు. మారెన్న ఒక్కడే నవ్వి, "రావప్ప పెద్ద మనసు, చూడు ఎట్ల తగ్గించుకుంటాండాడో" అన్నాడు.

ఆ నాలుగు రోజులూ సాయంత్రాలు తొమ్మిదిమంది పిల్లలు రావుగారి వరండాలో కూర్చుని, ఒకరి జవాబు ఇంకొకరితో సరిచూసుకున్నారు. ఒకరినొకరు అడగడం వాళ్ళకు త్వరగానే అలవాటైంది. శుక్రవారం పరీక్ష అయింది. బుధవారం మార్కులు చెప్పారు. బిందుశ్రీకి యాభైకి ముప్పై తొమ్మిది. తొమ్మిదిమందీ పాసు. జవాబు కలిసిపోతే ఒకసారి చేసి వదిలేసే పిల్లలు, కలవకపోబట్టి ఒక్కో లెక్క నాలుగుసార్లు చేశారనీ, ఇరవయ్యేళ్ళుగా తాను చెబుతున్నా ఎవరూ చేయని పని అదేననీ మౌనేశ్ ఫోనులో చెప్పాడు. చెన్నకేశవరావు ఫోను పెట్టేసి మంచం మీద వెల్లకిలా పడుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. 

ఆ మధ్యాహ్నం రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. ఝాన్సీలక్ష్మి నెయ్యి వేస్తూ, పిల్లకు ముప్పై తొమ్మిది బాగానే వచ్చాయి, పదకొండు నుంచి మొదలుపెట్టిన దానికి అంది. పదకొండని నీకెవరు చెప్పారని ఆయన ముద్ద ఆపాడు.

"కాలేజీ మెసేజీలన్నీ నా ఫోనుకే కదండీ వచ్చేది. మొదటిరోజే చూసినా. తండ్రీకూతుళ్ళు నాకు తెలీకూడదని అంత కష్టపడతాంటే, తెలుసని చెప్పడానికి మనసు రాలేదు." ఆవిడ పప్పు వడ్డించి, నాజిల్ మాత్రం తాను మారెన్న చేత సిరుగుప్ప నుంచి తెప్పించానని, ఇంతవరకూ కారలేదని కూడా చెప్పింది.

తరవాతి వారం నింగప్ప క్షమాపణ చెప్పుకుంటూ, సరైన జవాబులతో కుట్టిన కొత్త పసుపు పుస్తకాలు ఒక పెట్టెడు ఆటోలో వేసుకుని స్వయంగా క్యాంపుకు వచ్చాడు. పాతవి ఇచ్చి కొత్తవి ఊరికే తీసుకోమన్నాడు. జనం గుమిగూడి, పెట్టె వంక చూసి, ఆ తరవాత రావుగారి ఇంటి వంక చూశారు. పిల్ల కష్టం గుర్తుగా ఉంటుందని చెన్నకేశవరావు తన పాత పుస్తకం మార్చుకోలేదు.

నింగప్ప నలభై మూడు కొత్త పుస్తకాలూ తిరిగి బళ్ళారి తీసుకెళ్ళాడు.